లేబుల్ మీద 38 శాతం, లోపల అమీర్‌పేట రెజ్యూమె

ముందే చెప్పేస్తున్నాను. ఇది గంజాయి తాగమని చెప్పే టపా కాదు. తాగొద్దని నీతులు చెప్పే టపా కూడా కాదు. తాగాలా వద్దా అన్నది ఎవరి ఒళ్ళు, ఎవరి చట్టం, ఎవరి వీసా బట్టి వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. నా గొడవ వేరే. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎదుటివాడు రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకుని జీతం తీసుకునే మనవాళ్ళు, కాలిఫోర్నియాలో డిస్పెన్సరీ గుమ్మం తొక్కగానే బుర్ర కారులోనే వదిలేసి లోపలికెళ్తున్నారు. డబ్బా మీద ఏ అంకె పెద్దగా ఉంటే అది కొనుక్కొస్తున్నారు. ఆ అంకె మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ఎందుకో చెప్తా.

మా మావయ్య ముప్ఫై ఏళ్ళ క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. సిటిజన్. పోయినేడాది పెద్దపేగు కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, కీమో మొదలైంది. కీమో ఇంట్లో ఎవరికైనా జరిగి ఉంటే మీకు చెప్పక్కర్లేదు. అత్తయ్య మెత్తగా చారన్నం కలిపి పెడితే రెండు ముద్దలు దిగేవి, మూడో ముద్దకి బాత్‌రూమ్‌కి పరుగు. ఆయన పంచె కట్టుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుంటే చూడలేకపోయేవాళ్ళం.

ఆ శనివారం నేను వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద, మందుల డబ్బా పక్కన, రెండు ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో చుట్టిన జాయింట్. ప్రీ-రోల్ అంటారు.

"ఏంటి బావా ఇవి?"

"నాన్నకిరా. వాంతులకి పనిచేస్తుందని ఆఫీసులో ఒకడు చెప్పాడు. షాపులో ఉన్నవాటిల్లో ఇదే టాప్. 38 పర్సెంట్! పైగా ఆఫర్లో ఉంది."

మా బావ పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఆర్కిటెక్ట్. ఒక డేటాబేస్ కొనాలంటే ముగ్గురు అమ్మకందార్ల చేత డెమోలు ఇప్పించుకుని, వాళ్ళు చూపించే బెంచ్‌మార్క్ అంకెల్ని ఒక్కటి కూడా నమ్మకుండా, తన సొంత సర్వర్లో మళ్ళీ పరీక్షించే మనిషి. అలాంటివాడు సొంత తండ్రి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే పదార్థాన్ని స్టిక్కర్ మీది అంకె చూసి కొనుక్కొచ్చాడు. నేను టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి అలవాటుకొద్దీ గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను.

ప్యాకింగ్ తేదీ చూస్తే పదకొండు నెలల కిందటిది. గొట్టం పారదర్శకం, అంటే ఇన్నాళ్ళూ షాపు లైట్ల కింద పడి ఉంది. జాయింట్ కొన గట్టిగా ఉంది, మధ్యలో వేలితో తడిమితే గుల్ల. ఒకచోట కాగితంలోంచి పుల్ల పొడుచుకొచ్చింది. మూత తీస్తే వాసన ఎండుగడ్డిలా ఉంది. లేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంది కదాని ఫోన్ పెడితే కంపెనీ వాళ్ళ అందమైన హోమ్ పేజీ తెరుచుకుంది. కొండలు, సూర్యోదయం, నవ్వుతున్న అమ్మాయి. ల్యాబ్ రిపోర్టు మాత్రం ఎక్కడా లేదు.

అయినా 38 శాతం!

ఇప్పుడు ఆ 38 సంగతి చూద్దాం. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ చాలు. మొక్కలో ఉండేది ప్రధానంగా టీహెచ్‌సీ కాదు, టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. వేడి చేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ అవుతుంది. బరువు తగ్గుతుంది కాబట్టి ల్యాబులు టీహెచ్‌సీఏని 0.877తో గుణించి, దానికి అప్పటికే ఉన్న టీహెచ్‌సీని కలిపి 'టోటల్ టీహెచ్‌సీ' అంటాయి. టీహెచ్‌సీఏ 30 శాతం ఉంటే టోటల్ 26 చిల్లర అన్నమాట. కొన్ని లేబుళ్ళు ఈ గుణకారం చెయ్యకుండా ఆ 30నే పెద్దక్షరాల్లో వేస్తాయి. మొదటి మోసం అక్కడే.

ఇక టోటల్ నిజంగా 38 కావాలంటే టీహెచ్‌సీఏ ఒక్కటే 43 శాతం ఉండాలి. పువ్వులో పదో వంతు దాకా తేమ ఉంటుంది. మిగిలిన దాంట్లోనే పీచు, ఆకుపచ్చదనం, మైనం, నూనెలు, ఖనిజాలు అన్నీ సర్దుకోవాలి. సగానికి దగ్గరగా ఒకే ఒక్క రసాయనం ఉన్న పువ్వు! చెరుకుగడలో సగం పంచదారే అని ఎవడైనా అంటే మన తాతలు నవ్విపోతారు. పైగా ఇది ఎంచి కోసిన మొగ్గ కూడా కాదు, పొడి చేసి కాగితంలో కూరిన సరుకు. పొడి చేసినప్పుడు, జల్లించినప్పుడు ఆ రెసిన్ గ్రంథులు రాలిపోతాయి. గాలి, వెలుతురు, వేడి తగిలితే టీహెచ్‌సీ మెల్లగా సీబీఎన్ అనే మరో పదార్థంగా మారిపోతుంది. అంటే మంచి మొగ్గ కన్నా ప్రీ-రోల్‌లో శాతం తక్కువుండటమే సహజం. మరి ఈ 38 ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

అమీర్‌పేట నుంచి! :-)

నవ్వకండి. మూడు నెలలు కోర్సు చేసి ఏడేళ్ళ అనుభవం అని రాసుకున్న రెజ్యూమెలు మనం చూళ్ళేదా? అది ఎందుకు పుట్టింది? మనవాళ్ళందరూ పుట్టుకతో అబద్ధాలకోర్లనా? కాదు. రిక్రూటరు అంకె చూసి వడపోస్తాడు కాబట్టి. ఏడేళ్ళు అడిగితే ఐదున్నరేళ్ళ నిజాయితీపరుడికి ఫోన్ రాదు, మూడు నెలల మోసగాడికి వస్తుంది. నాలుగు సార్లు ఫోన్ రాకపోయాక నిజాయితీపరుడు కూడా అంకె మారుస్తాడు. చివరికి అందరి రెజ్యూమెల్లోనూ ఏడేళ్ళే ఉంటాయి, ఏడుకి విలువ మాత్రం ఉండదు.

ఇక్కడా అచ్చం అదే. షాపువాడు ఎక్కువ శాతం ఉన్న సరుకే కొంటాడు, ఎందుకంటే మా బావలాంటివాళ్ళు అదే అడుగుతారు. నిజంగా 21 శాతం పండించి 21 అని రాసుకున్న రైతు సరుకు అరలో దుమ్ము పట్టిపోతుంది. మరుసటి పంటకి అతను చేసే పని వేరే ల్యాబ్ వెతుక్కోవడం. కాలిఫోర్నియా పద్ధతిలో ల్యాబుకి నమూనా అప్పగించేది డిస్ట్రిబ్యూటరు, డబ్బు కట్టేదీ పరిశ్రమవాళ్ళే. నమూనా ల్యాబు మనిషే తియ్యాలి, వీడియో తియ్యాలి అని నిబంధనలున్నాయి. కానీ ఏ ల్యాబుకి వెళ్ళాలో ఎంచుకునేది మాత్రం అమ్ముకునేవాళ్ళే. 21 ఇచ్చిన ల్యాబుకి మళ్ళీ ఎవడు వెళ్తాడు? 31 ఇచ్చినవాడి దగ్గర క్యూ కడతారు. దీనికి ఇక్కడ 'ల్యాబ్ షాపింగ్' అని పేరు కూడా ఉంది. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాణ్ణి ఎంచుకుని, ఫీజు కూడా తనే ఇస్తే మార్కులు ఎలా పడతాయో ఎంసెట్ రాసిన మనకి వేరే చెప్పాలా?

ఇది నా ఊహ కాదు. 2018లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన ఒక పరిశోధన వాషింగ్టన్ రాష్ట్రం డేటా మొత్తం తీసుకుని చూసింది. కొన్ని ల్యాబులు క్రమం తప్పకుండా ఎక్కువ శాతాలు, కొన్ని క్రమం తప్పకుండా తక్కువ శాతాలు ఇస్తున్నాయని తేలింది. సియాటిల్ మిత్రులారా, మీ రాష్ట్రమే! 2023లో ప్లాస్ వన్‌లో వచ్చిన మరో పరిశోధనలో కొలరాడోలోని 10 షాపుల్లోంచి 23 నమూనాలు కొని మళ్ళీ పరీక్షించారు. దాదాపు 70 శాతం నమూనాల్లో అసలు టీహెచ్‌సీ లేబుల్ మీద చెప్పినదానికన్నా 15 శాతానికి మించి తక్కువుంది. పదింట్లో ఏడు! మన ప్రాజెక్టులో పది టెస్టుల్లో ఏడు ఫెయిలైతే రిలీజు చేస్తామా?

కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి పువ్వుకీ, మామూలు ప్రీ-రోల్స్‌కీ ల్యాబులన్నీ ఒకే ప్రామాణిక పద్ధతిలో శాతం కొలవాలని నిబంధన పెట్టారు. మంచిదే. కానీ ఫీజు ఎవరిస్తున్నారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

"అయితే ఏంట్రా, 38 అని 24 ఇచ్చాడు. కాస్త తక్కువ ఎక్కుతుంది, అంతేగా?" అన్నాడు బావ. చాలామంది ఇలాగే అంటారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

శాతం ఇచ్చే ల్యాబే పురుగుమందుల సంగతీ చెప్తుంది. అదే కాగితం, కింద సంతకం కూడా అదే. ఒక కాలమ్‌లో కస్టమరుకి మొహమాటపడినవాడు పక్క కాలమ్‌లో ఎందుకు పడడు? కాలిఫోర్నియా జాబితాలో 66 పురుగుమందులున్నాయి. వాటిలో 21 అసలు కనపడనే కూడదు, మిగతా 45 పరిమితి దాటకూడదు. ఇవి కాక సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం చూడాలి. పొగ పీల్చే సరుకైతే ఆస్పర్జిల్లస్ అనే బూజులో నాలుగు రకాలు లేవని తేల్చాలి. 2024 జూన్‌లో లాస్ ఏంజెలిస్ టైమ్స్, వీడ్‌వీక్ కలిసి లైసెన్సున్న షాపుల్లో 42 ఉత్పత్తులు కొని ప్రైవేటు ల్యాబుల్లో పరీక్ష చేయించాయి. 25 ఉత్పత్తుల్లో పురుగుమందులు రాష్ట్ర పరిమితినో, పొగాకుకున్న ఫెడరల్ పరిమితినో దాటి ఉన్నాయి. అవన్నీ 'పాస్' అయి షాపుకొచ్చిన సరుకులే! ఆ తర్వాత రాష్ట్రం కొన్ని ల్యాబుల లైసెన్సులు పీకేసింది, కొన్ని సరుకులు వెనక్కి పిలిపించింది. కంచే చేను మేస్తే ఏమవుతుందో మనకి ఊళ్ళో సామెతే ఉంది కదా.

పురుగుమందు ఆకుకూరలో కొంత ఉంటే కడుక్కుంటాం, కడుపులోకెళ్ళాక లివరు కొంత చూసుకుంటుంది. పొగకి ఆ రెండూ లేవు. మైక్లోబ్యుటనిల్ అని ఒక మందుంది. ద్రాక్ష తోటల్లో బూడిద తెగులుకి కొడతారు, అక్కడ అనుమతి ఉన్నదే. కానీ దాన్ని కాలిస్తే హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. ద్రాక్షపండుని ఎవడూ కాల్చుకుని తాగడు కాబట్టి ఇన్నాళ్ళూ గొడవ లేదు.

ఇక మా మావయ్య విషయంలో అసలు ప్రమాదం బూజు. సోమవారం కీమో యూనిట్ నర్సు మామూలుగా "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడిగితే బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం ఎంత మంచిదైందో! ఆవిడ గొంతు మారిపోయింది. తెల్లకణాలు పడిపోయి ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి ఆస్పర్జిల్లస్ బీజాలు వెళ్తే అది మామూలు దగ్గు కాదు, ప్రాణం మీదకొస్తుందని చెప్పింది. బూజు నిప్పులో కాలిపోతుంది కదా అన్నాడు బావ. పీల్చే గాలి ఇంకా కాలని భాగంలోంచే వస్తుంది కదా, అన్ని బీజాలూ చస్తాయని నమ్మకం ఏమిటి అందావిడ. అంతేకాదు, టీహెచ్‌సీని కృత్రిమంగా చేసిన డ్రోనబినాల్ గొట్టాలు కీమో వాంతుల కోసం 1985 నుంచీ అమెరికాలో అనుమతి ఉన్న మందు. డాక్టరు రాసిస్తే మందుల షాపులో దొరుకుతుంది, ఒక్కో గొట్టంలో ఎన్ని మిల్లీగ్రాములో కచ్చితంగా తెలుస్తుంది. చివరికి డాక్టరు వాంతుల మందులు మార్చి రాశాడు, కాస్త తెరిపిన పడ్డాడు మావయ్య. ఆ రెండు గొట్టాలూ చెత్తలోకి పోయాయి.

అదృష్టం బాగుంది. బావ ఆ శుక్రవారం రాత్రే వెలిగించి ఇచ్చి ఉంటే? ఇవాళ్టికీ ఆలోచిస్తే నాకు చెమటలు పడతాయి.

మా తాతయ్య, అంటే ఈ మావయ్య తండ్రే, గోదావరి లంక పొగాకు చుట్ట తాగేవాడు. ఆయన ఎప్పుడూ చుట్టినది కొనలేదు. ఆకు కట్ట తెచ్చుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి చూసి, ఈనె తీసేసి తనే చుట్టుకునేవాడు. అమ్మమ్మ విసుక్కుంటే "చుట్టినదాంట్లో ఏముందో చుట్టినవాడికే తెలుసు" అనేవాడు. నాలుగో తరగతి చదివిన ఆయనకున్న అనుమానం ఎంఎస్‌లు చేసిన మనకి లేకుండా పోయింది. (పొగాకు ఆయన్ని వదల్లేదు, అది వేరే కథ. చుట్ట మంచిదని నేనడంలేదు.)

ప్రీ-రోల్‌తో తంటా అంతా అదే. మొగ్గగా కొంటే రంగు, రెసిన్, బూజు కంటికి కనిపిస్తాయి. పొడి చేసి కాగితంలో కూరాక అన్నీ ఒకేలా ఉంటాయి. మంచి మొగ్గ మొగ్గగానే మంచి ధరకి పోతుంది. రాలిన తుక్కు, కత్తిరించిన ఆకు ముక్కలు, అమ్ముడుపోని పాత సరుకు ఎక్కడికి పోవాలి? అన్ని కంపెనీలూ అలా చేస్తాయని అనను, మంచి పువ్వునే నింపేవాళ్ళూ ఉన్నారు. కానీ దాచుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఈ వ్యాపారంలో లేదు. పైన పటారం, లోన లొటారం.

సరే, తిట్టడం సులువు, పనికొచ్చేది చెప్పు అంటారా? చట్టప్రకారం కొనుక్కునే హక్కుండి, ఎలాగూ కొంటాననేవాళ్ళు కౌంటర్ దగ్గర ఈ మాత్రం చూడండి.

మొదటిది లైసెన్సు. లేబుల్ మీద త్రికోణంలో ఆకు, ఆశ్చర్యార్థకం, కింద కాలిఫోర్నియా పొడి అక్షరాలు ఉన్న ముద్ర ఉండాలి. షాపు లైసెన్సు నంబరు డిపార్ట్‌మెంట్ ఆఫ్ కెనబిస్ కంట్రోల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. వెనక్కి పిలిపించిన సరుకుల జాబితా కూడా అక్కడే ఉంటుంది. రెండు నిమిషాల పని.

రెండోది ల్యాబ్ రిపోర్టు. సర్టిఫికెట్ ఆఫ్ ఎనాలిసిస్ చూపించమని అడగండి. హోమ్ పేజీ కాదు, రిపోర్టు. అందులో బ్యాచ్ నంబరు మీ చేతిలో ఉన్న డబ్బా మీది నంబరుతో కలవాలి. కలవకపోతే అది వేరేవాడి మార్కుల లిస్టు. పురుగుమందులు, లోహాలు, బూజు వరసలన్నీ ఉన్నాయా చూడండి. వాటర్ యాక్టివిటీ 0.65 దాటకూడదు, దాటితే బూజుకి పండగే. సీబీఎన్ అంకె చెప్పుకోదగ్గంత ఉంటే సరుకు పాతబడిందని అర్థం.

మూడోది తేదీ. ప్యాక్ చేసిన తేదీ, పరీక్ష తేదీ రెండూ చూడండి. పాత సరుకుకే 'ఆఫర్' ఎందుకు పెడతారో సూపర్‌బజార్లో బ్రెడ్డు కొనే ప్రతివాడికీ తెలుసు.

నాలుగోది లోపలి సరుకు. మొగ్గ నింపారా, తుక్కా, ఆకు ముక్కలా అన్నది రాశారా? ఏ రకమో పేరు లేకుండా ఉత్త 'హైబ్రిడ్' అని ఉంటే నాలుగు బస్తాల అడుగులు కలిపి ఉండొచ్చు. 'ఇన్‌ఫ్యూజ్డ్' అని ఉందా? అయితే పైనుంచి గాఢమైన సారం కలిపారని అర్థం. నలభై దాటిన శాతాలు అలాగే వస్తాయి. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ అది పువ్వు కాదు, కొత్తవాళ్ళకి అసలే కాదు.

ఐదోది చెయ్యి, ముక్కు. గొట్టంలోంచే చూడండి. కొన నుంచి మొదలుదాకా ఒకేలా నిండి ఉండాలి. గుల్లలు, మడతలు, పుల్లలు ఉంటే వద్దు. అటూ ఇటూ వంచితే పొడి రాలకూడదు. ఇక్కడ షాపులో డబ్బా తెరవనివ్వరు కాబట్టి వాసన ఇంటికొచ్చాకే తెలుస్తుంది. ఎండుగడ్డి వాసనొస్తే పాతది. ముక్కవాసనో, తడి నేలమాళిగ వాసనో, అమ్మోనియా ఘాటో వస్తే డబ్బులు పోయాయనుకుని పారెయ్యండి.

'బూడిద తెల్లగా ఉంటే స్వచ్ఛమైనది' అని ఒక వేదవాక్యం చెలామణీలో ఉంది. నమ్మకండి. పురుగుమందుకి రంగూ వాసనా ఉండవు. బూడిద చూసి చెప్పగలిగితే ల్యాబులెందుకు? పైగా అప్పటికి తాగేశారు కూడా!

ఇవన్నీ చూశాక, ఆఖరున, శాతం. అది కూడా ఎంత తక్కువుంటే అంత నమ్మండి అంటాను నేను. 20 అని రాసుకునే ధైర్యం ఉన్నవాడు బహుశా నిజమే చెప్తున్నాడు. అసలా అంకె చెప్పేది కూడా తక్కువే. 2020లో జామా సైకియాట్రీలో వచ్చిన అధ్యయనంలో గాఢ సారం పీల్చినవాళ్ళ రక్తంలో టీహెచ్‌సీ, పువ్వు పీల్చినవాళ్ళ కన్నా చాలా ఎక్కువ కనిపించింది. మత్తులో, తడబాటులో మాత్రం అంత తేడా లేదు. మెగాపిక్సెళ్ళు చూసి కెమెరా కొన్న రోజులు గుర్తున్నాయా? ఇదీ అంతే.

ఇప్పుడు నాలాంటి వీసా జనానికి ఒక మాట. పైన చెప్పిన ఐదు పరీక్షలకన్నా ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇంకోటుంది. అది పాస్‌పోర్టు పరీక్ష. కాలిఫోర్నియా ఓటర్లు 2016లో ఒప్పుకున్నారు, 2018 జనవరి 1 నుంచి షాపులు తెరిచారు, నిజమే. కానీ హెచ్-1బి, గ్రీన్ కార్డు ఇచ్చేది కాలిఫోర్నియా కాదు. ఫెడరల్ చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థమే. శిక్ష పడక్కర్లేదు, కేసు కూడా అక్కర్లేదు. ఫలానా నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకోవడమే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ ఇంకా స్పష్టంగా చెప్పింది, రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే సిటిజన్‌షిప్‌కి కావాల్సిన 'సత్ప్రవర్తన'కి అది అడ్డమవుతుందని. ఆ వ్యాపారంలో ఉద్యోగం చేసినా అంతే. సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం కదా, మొక్కలు ముట్టుకోవట్లేదు కదా అనుకునే మిత్రులు ఆ ఆఫరు లెటరు మీద సంతకం పెట్టేముందు లాయరుతో మాట్లాడండి. ఇక ఇక్కడి షాపు రసీదు శంషాబాద్ విమానాశ్రయంలో చెల్లదు. అక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కాచుకుని ఉంటుంది.

అందుకే నా మటుకు నేను ముట్టుకోను. నీతి కాదు, లెక్క. ఒక సాయంత్రం సరదాకి పదేళ్ళ క్యూని పణంగా పెట్టడం నాకు గిట్టుబాటు కాదు.

ఇదంతా చదివాక ఇద్దరు నామీద విరుచుకుపడతారని తెలుసు. మొదటివారు: "ఛీ, గంజాయి గురించి రాయడమేమిటి, చెడిపోయావు." అయ్యా, మీరు మాట్లాడనివ్వకపోవడం వల్లే మా బావ ఎవర్నీ అడగలేకపోయాడు. డాక్టర్ని అడగడానికి సిగ్గు, అత్తయ్యకి చెప్పడానికి భయం. ఇక మిగిలింది ఆఫీసులో ఎవడో, షాపులో ఎవడో. మౌనంతో ఎవరూ మానరు, గుడ్డిగా కొంటారు అంతే.

రెండోవారు: "లైసెన్సు షాపుల్నే తిడితే జనం వీధిలో కొంటారు కదా?" వీధిలో సరుకుకి ఏ పరీక్షా లేదు, ఒప్పుకుంటాను. గుడ్డికన్నా మెల్ల నయమే. కానీ పరీక్ష చేశామని చెప్పి ఎక్కువ ధర, దానిమీద పన్ను వసూలు చేసినవాడు ఆ పరీక్ష నిజంగా చెయ్యాలి. వీధివాడు నన్ను నమ్మమని ఎప్పుడూ అనలేదు. వీళ్ళు ముద్రేసి మరీ నమ్మమన్నారు. ముద్ర లేని పాలకన్నా ముద్రేసిన కల్తీ పాలు పెద్ద నేరం.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ల్యాబుని అమ్ముకునేవాడు ఎంచుకోకూడదు, వంతులవారీగా రాష్ట్రమే కేటాయించాలి. ఫీజు ఒక ఉమ్మడి నిధిలో పడాలి. షాపు అరల్లోంచి ఎవరికీ చెప్పకుండా నమూనాలు కొని, పేర్లు దాచి మళ్ళీ పరీక్షించాలి, ఫలితాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్రొడక్షన్‌లో మానిటరింగ్ లేకుండా, డెవలపర్ ఇచ్చిన టెస్ట్ రిపోర్టు చూసి వదిలేసే కంపెనీలో మనలో ఎవరైనా పనిచేస్తామా? చేస్తే ఎన్నాళ్ళుంటుందా కంపెనీ?

అప్పటిదాకా కొనేవాళ్ళు చెయ్యగలిగింది ఒకటుంది. "ఎక్కువ శాతం ఏది?" అని అడగడం మానేసి "రిపోర్టు ఏది?" అని అడగడం. రిక్రూటరు ఏళ్ళు లెక్కపెట్టడం మానేసి కోడ్ రాయించి చూస్తే దొంగ రెజ్యూమెలు పోతాయి. ఇక్కడ రిక్రూటర్లం మనమే.

మొన్న మావయ్యకి ఆఖరి కీమో అయింది. అత్తయ్య పప్పుచారు పెడితే రెండోసారి అడిగి వేయించుకున్నాడు. బావ నా పక్కన కూర్చుని మెల్లిగా "ఒరేయ్, ఆ రోజు గొట్టం చేతిలోకి తీసుకుని ఏం చూశావురా?" అన్నాడు. "తేదీ చూశా బావా" అన్నాను.

అంతకన్నా గొప్ప విద్యేం కాదు. డబ్బా తిప్పి చూడండి.